నందినా, మేలుకోటా, హార్స్‌లీనా: బెంగళూరు నుంచి ఏ కొండ ఊరికి వెళ్ళాలి?

ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో ఒకటే చర్చ. ఒంగోలు నుంచి అమ్మానాన్నలు దిగుతారు, పిల్లలకు సెలవులు, రెండు రోజులు పార్కులూ మాల్సూ తిప్పాక అమ్మ మొదలుపెడుతుంది: "ఇక్కడ దగ్గర్లో చల్లటి కొండలున్నాయిటగా, ఏదో ఒకదానికి తీసుకెళ్ళవే." మా కేఆర్ పురం అపార్ట్‌మెంట్‌లో తెలుగు ఇళ్ళన్నిటిలో ఇదే కథ. కింద లిఫ్టు దగ్గర ఎవరు కనిపించినా "నంది బాగుంటుందా, హార్స్‌లీ హిల్స్ బాగుంటుందా, మేలుకోట అంత దూరం వెళ్ళొచ్చా" అని అడుగుతుంటారు. మూడింటికీ రెండేసి మూడేసి సార్లు వెళ్ళొచ్చాను, ముసలివాళ్ళతోనూ వెళ్ళాను, పిల్లలతోనూ వెళ్ళాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. కొండ ఎత్తు చూసి ఎంచుకోకండి, ఆ కొండకు ఉన్న ఊరిని చూసి ఎంచుకోండి. పైనుంచి కనిపించే దృశ్యం మంచు పడితే పోతుంది, జనం ఎక్కువైతే పోతుంది. ఊరు ఎక్కడికీ పోదు. వెయ్యేళ్ళ గుడి, కోనేరు, దాని పక్కన పూలమ్మే మనిషి, ఆ ఊరివాళ్ళు చెప్పే కథ, ఇవన్నీ మీరు ఏ వేళకు వెళ్ళినా ఉంటాయి.

ఇది నాకు నందిలో తెలిసొచ్చింది.

నంది: కొండ కంటే ముందు కింద ఊరు

మొదటిసారి అందరూ చేసే పనే చేశాం. ఆదివారం తెల్లవారుజామున మూడున్నరకు లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, పిల్లల్ని నిద్రలోనే కారెక్కించి బయల్దేరాం. బెంగళూరు నుంచి 60 కిలోమీటర్లే. కానీ కొండ కిందకు చేరేసరికి మా ముందు కనుచూపు మేర కార్లు, బైకులు. సూర్యోదయం కారు అద్దంలోంచే అయిపోయింది. పైకి చేరాక చుట్టూ తెల్లగా పొగమంచు, అవతల కొండ ఉందో లేదో కూడా తెలియలేదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, చలికి శాలువా కప్పుకుని ఒక బెంచీ మీద కూర్చుండిపోయింది. ఆ ముఖం చూసి నాకు చాలా బాధేసింది.

దిగేటప్పుడు క్యాబ్ డ్రైవర్ అన్నాడు, "కింద నంది ఊళ్ళో పెద్ద గుడుంది మేడమ్, అమ్మగారికి మెట్లు లేకుండా చూపించొచ్చు." అతను చింతామణి వైపువాడు, తెలుగు చక్కగా మాట్లాడాడు. అలా చూశాం భోగనందీశ్వరుణ్ణి.

బయటి ప్రాకారం దాటగానే విశాలమైన ఆవరణ. నున్నటి రాతి నేల, పొద్దుటి ఎండ, జనం పదిమంది కూడా లేరు. అమ్మ చెప్పులు విడిచి, ఆ రాళ్ళ మీద నెమ్మదిగా నడుచుకుంటూ నా చెయ్యి వదిలేసి తనంతట తనే లోపలికి వెళ్ళిపోయింది. గుడి గురించి దొరికిన తొలి శాసనాధారం 806 ప్రాంతంలోది, నొళంబులది. ఈ నొళంబులు మనకు పరాయివాళ్ళేమీ కారు, మడకశిర దగ్గర హేమావతిని రాజధాని చేసుకుని ఏలినవాళ్ళు. వాళ్ళ తర్వాత గాంగులు, చోళులు, హొయసలులు, విజయనగర రాజులు తలా ఒక చెయ్యి వేశారు. అందుకే ఒక స్తంభానికీ పక్క స్తంభానికీ పోలిక ఉండదు.

ఇక్కడ శివుడికి జీవితంలో మూడు దశలు. కింద గుళ్ళో అరుణాచలేశ్వరుడిది బాల్యం, భోగనందీశ్వరుడిది యౌవనం. కొండ మీద ఉన్న యోగనందీశ్వరుడిది వైరాగ్యం. అందుకే పైన గుళ్ళో ఉత్సవాలు ఉండవంటారు, కింద శివరాత్రికి రథోత్సవం, పెద్ద జాతర. రెండు గర్భగుళ్ళకు మధ్యలో ఉమామహేశ్వరుడి గుడి, దాని ముందు నల్లరాతి కల్యాణ మండపం. మీరు నందిలో ఇంకేమీ చూడకపోయినా ఫర్వాలేదు, ఈ మండపం దగ్గర మాత్రం పావుగంట కూర్చోండి. స్తంభాల మీద దేవుళ్ళు జంటలుగా ఉంటారు: శివపార్వతులు, బ్రహ్మా సరస్వతీ, విష్ణువూ లక్ష్మీ, అగ్నీ స్వాహా. తీగల మధ్యలో చిన్న చిన్న పక్షులు. రాయి ఎంత నున్నగా ఉంటుందంటే, మా అబ్బాయి "అమ్మమ్మా, ఇది ఇనుమా?" అని అడిగాడు. పక్క ద్వారంలోంచి దాటితే కోనేరు, నాలుగు వైపులా మెట్లు, చుట్టూ మండపాలు. దీన్ని శృంగి తీర్థం అంటారు.

గుడి బయట మల్లెపూలు అమ్మే ఆవిడ అమ్మను చూసి "యాడ్నుంచి వచ్చినారు పెద్దమ్మా?" అంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగు ఇంటిభాష అని చాలామందికి తెలియదు. అమ్మ ఆ మెట్ల మీదే కూర్చుని ఆవిడతో అరగంట కబుర్లు చెప్పింది. ఒంగోలు మాట, చిక్కబళ్ళాపురం మాట కలిసి వినడం భలే ఉండింది. నా దృష్టిలో ఆ రోజు ట్రిప్పు అంటే అదే.

కొండపైకి వెళ్ళొద్దని చెప్పడం లేదు. 4,850 అడుగుల ఎత్తు, మేఘం లేని రోజు పైనుంచి చూస్తే చుట్టూ చెరువులూ పొలాలూ గచ్చు మీద ముగ్గులాగా కనిపిస్తాయి. చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. చిక్కబళ్ళాపురం పాళెగాళ్ళ చేతుల్లోంచి హైదరలీకి, టిప్పుకు వచ్చిన కోట ఇది. మూడో మైసూరు యుద్ధంలో, 1791 అక్టోబరులో ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేనలు రాత్రిపూట ఎగబాకి పట్టుకున్నాయి. 1927లో ఒంట్లో బాగాలేనప్పుడు గాంధీగారు వాతావరణ మార్పు కోసం వచ్చి ఇక్కడే చాలా రోజులున్నారు, 1936లో మళ్ళీ వచ్చారు. 1986లో సార్క్ దేశాల నాయకులు ఈ కొండ మీద కూర్చుని మాట్లాడుకున్నారు. ఇవన్నీ తీరిగ్గా చూడాలంటే మామూలు పనిదినం రోజు వెళ్ళండి, లేదా సూర్యోదయం ఆశ వదిలేసుకుని పదింటికి పైకి వెళ్ళండి. శని, ఆదివారాల్లో వాహనాల మీద ఆంక్షలు మారుతూ ఉంటాయి, బయల్దేరే ముందు రోజు కనుక్కోండి.

నంది నుంచి కొంచెం దూరంలోనే ముద్దేనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. వాళ్ళ ఇంటిపేరులోని మోక్షగుండం మన గిద్దలూరు ప్రాంతం ఊరు. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదును కాపాడే పథకం వేసింది ఈయనే, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచనలోంచి వచ్చినవే. ఆయన ఇంటిని మ్యూజియంగా ఉంచారు, సమాధి కూడా ఆ ఊళ్ళోనే. ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇంటివాళ్ళు తప్పకుండా ఆగాల్సిన చోటు. నాన్న ఆ మ్యూజియంలో ఒక్కో ఫొటో కిందా రాసింది చదువుకుంటూ గంట గడిపారు.

అంచేత ఎవరికి నంది? పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు, ఒక్క పూటలో ఇంటికి వచ్చేయాల్సినవాళ్ళకు, చిన్నపిల్లలున్నవాళ్ళకు. వరస: ముందు గుడి, తర్వాత ముద్దేనహళ్ళి, ఓపికుంటే కొండ. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, గుడి దగ్గరికొచ్చేసరికి అందరూ అలిసిపోయి ఉంటారు.

మేలుకోట: నడిచి చూడాల్సిన ఊరు

నా మనసు మాత్రం మండ్య జిల్లాలోని మేలుకోటదే. ఎక్కువ మందికి ఇది సలహా ఇవ్వలేను, ఎందుకంటే దూరం దాదాపు 140 కిలోమీటర్లు, మెట్లు ఉంటాయి, నడక ఉంటుంది. కానీ ఒక చిన్న కొండ ఊరు ఎలా ఉండాలో అలా ఉంటుంది. సన్నటి వీధులు, అరుగులున్న పాత ఇళ్ళు, ఎటు తిరిగినా ఒక కోనేరో ఒక మండపమో.

తిరుమల, శ్రీరంగం, కంచి, మేలుకోట. శ్రీవైష్ణవులకు ముఖ్యమైన నాలుగు క్షేత్రాలివి. తిరుమలను పుష్ప మండపమనీ, శ్రీరంగాన్ని భోగ మండపమనీ, కంచిని త్యాగ మండపమనీ, మేలుకోటను జ్ఞాన మండపమనీ అంటారు. 12వ శతాబ్దంలో, చోళ రాజ్యంలో ఉండలేని పరిస్థితి వచ్చి, రామానుజాచార్యులు హొయసల రాజ్యానికి వచ్చారు. అప్పుడు రాజు విష్ణువర్ధనుడు. పన్నెండేళ్ళు ఆచార్యులు ఇక్కడ ఉన్నారు. నామం పెట్టుకునే తెల్లమట్టి కూడా ఈ కొండ మట్టేనని చెబుతారు.

ఉత్సవ విగ్రహం కథ వింటే మన తెలుగువాళ్ళకు వెంటనే తిరుపతి గుర్తొస్తుంది. ఇక్కడి స్వామి చెలువనారాయణుడి ఉత్సవమూర్తి ఢిల్లీ సుల్తాను ఇంట్లో ఉందనీ, రామానుజులు అక్కడిదాకా వెళ్ళి "చెల్వపిళ్ళై, రా" అని పిలిస్తే పసిపిల్లాడిలా గజ్జెలు మోగుతుండగా నడిచి వచ్చాడనీ చెబుతారు. ఆ విగ్రహంతో ఆడుకున్న సుల్తాను కూతురు ఎడబాటు ఓర్వలేక వెనకే వచ్చి స్వామిలో కలిసిపోయిందట. ఆవిడే బీబీ నాంచారి. మా అత్తగారు కర్నూలు మనిషి, తిరుపతి బీబీ నాంచారమ్మ కథ చిన్నప్పటినుంచీ వింటూ పెరిగారు. మేలుకోట గుళ్ళో స్వామి పాదాల దగ్గర ఆవిడ రూపం ఉందని అర్చకులు చూపిస్తే, అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఈ తల్లిది ఇక్కడా అదే ప్రేమ" అన్నారు.

ఒక్క తప్పు మాత్రం మీరు చేయకండి. మొదటిసారి మేం దారిలో టిఫిను దగ్గర ఆలస్యం చేసి, ఒంటిగంటన్నరకు గుడి ముందు దిగాం. తలుపులు మూసేశారు. మధ్యాహ్నం మూసి సాయంత్రం మళ్ళీ తెరుస్తారని ముందే తెలుసుకోవాల్సింది. ఇంటి నుంచి ఆరింటికి బయల్దేరితే తొమ్మిదిన్నరకల్లా చెలువనారాయణుడి దర్శనం అయిపోతుంది. ఎండ ముదరకముందే యోగనరసింహుడి కొండ మెట్లు ఎక్కేయొచ్చు. మోకాళ్ళు బాగాలేనివాళ్ళను కింద కోనేటి దగ్గర మండపంలో కూర్చోబెట్టండి. గట్టు మీద నుంచి చూస్తే కొండా గుడీ నీళ్ళలో తలకిందులుగా కనిపిస్తాయి, అక్కడ కూర్చున్నవాళ్ళకూ తక్కువేమీ జరగదు. పైన గుళ్ళో పెద్ద నగారా ఒకటుంది, టిప్పు ఇచ్చిందని చెబుతారు.

ఊరి చివర రాయగోపురం చూడండి. పూర్తికాని గోపురం అది. నాలుగు స్తంభాలు ఆకాశంలోకి నిలబడి ఉంటాయి, పైకప్పు లేదు. వాటి మధ్య నిలబడి తలెత్తితే గాలి తప్ప ఏమీ వినిపించదు. అక్కడికి దగ్గర్లోనే అక్క తంగి కొళ, అంటే అక్కాచెల్లెళ్ళ కోనేళ్ళు. పక్కపక్కనే ఉంటాయి, ఒకదాని నీళ్ళు మంచివి, రెండోదానివి కావు. ఇద్దరిలో ఒకరు పేరు కోసం తవ్వించారనీ, ఒకరు మనసారా తవ్వించారనీ కథ. పిల్లలు రెండు కోనేళ్ళలోకీ తొంగి తొంగి చూసి వాదులాడుకున్నారు.

తిండి విషయానికొస్తే, మేలుకోట పుళియోగరెను మన పులిహోర అనుకుని తినకండి. నిమ్మకాయ లేదు, పసుపు రంగు లేదు. చింతపండు, బెల్లం, ధనియాలు, నువ్వులు, కొబ్బరి కలిపి నల్లగా దగ్గరపడ్డ గొజ్జు, అన్నానికి నూనెతో పట్టించి విస్తరాకులో పెడతారు. వేడిగా ఉన్నప్పుడు కాదు, అరగంట ఆగి తినండి, అప్పుడు పులుపూ తీపీ రెండూ అన్నంలోకి దిగుతాయి. గొజ్జు విడిగా పొట్లం కట్టి ఇస్తారు, ఊరికి పంపడానికి మేం రెండు కిలోలు కొన్నాం.

వైరముడి ఉత్సవం మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. మండ్య ఖజానాలో ఉంచిన వజ్రకిరీటాన్ని పోలీసు కాపలాతో కొండకు తెచ్చి, రాత్రి స్వామికి అలంకరించి తెల్లవార్లూ ఊరేగిస్తారు. చూడాలనుకునేవాళ్ళు చిన్నపిల్లల్ని తీసుకెళ్ళకండి, జనం విపరీతం. ఊరు చూడాలనుకునేవాళ్ళు ఆ రోజు వెళ్ళకండి.

తిరిగొచ్చేటప్పుడు పాండవపుర వైపు దిగితే తొణ్ణూరు చెరువుంటుంది, రామానుజులతో ముడిపడిన ఊరే. సాయంత్రం ఆ నీళ్ళ పక్కన ఒక గంట.

హార్స్‌లీ హిల్స్: రాత్రి ఉండాల్సిన కొండ

ఇక అందరూ మొదట అడిగే పేరు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, మన భాష, మన బస్సు. బెంగళూరు నుంచి హోస్కోటె, చింతామణి మీదుగా మదనపల్లె, అక్కడి నుంచి కొండ, అంతా కలిపి 150 కిలోమీటర్ల లోపే. మదనపల్లెకు రెండు రాష్ట్రాల బస్సులూ తిరుగుతుంటాయి.

అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు పెంచిన పిల్ల మల్లమ్మ, అడవిలో ఉండే చెంచులకు మూలికలతో వైద్యం చేసేదని, ఒకనాడు కనబడకుండా పోయిందని కథ. ఆమె గుడి ఇప్పటికీ కొండ మీద ఉంది. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు డబ్ల్యూ. డి. హార్స్‌లీ ఎండల నుంచి తప్పించుకోవడానికి ఇక్కడ బంగళా కట్టించుకున్నాడు, కొండకు ఆయన పేరు పడిపోయింది. నా పిల్లలకు మాత్రం నేను మల్లమ్మ కొండ అనే చెబుతాను. మీరూ చెప్పండి.

నిజం చెప్పాలంటే, చరిత్ర, శిల్పం అనే లెక్కలో నందితోగానీ మేలుకోటతోగానీ ఈ కొండ పోటీ పడలేదు. ఇక్కడ చూసేవి చెట్లు, గాలి. 1859లో నాటిన నీలగిరి చెట్టొకటి ఉంది, కల్యాణి అని పేరు. దాని మొదలు దగ్గర నిలబడి పైకి చూస్తే మెడ పట్టేస్తుంది. బెరడు పొరలు పొరలుగా ఊడి కింద పడి ఉంటుంది, దాన్ని చేత్తో నలిపితే వాసన గంటసేపు వేళ్ళను వదలదు. గాలిబండ దగ్గర సాయంత్రం గాలికి చున్నీ పట్టుకోవడమే పనైపోతుంది. అందుకే ఒక్కరోజులో వెళ్ళి రావడానికి ఇది సరైన చోటు కాదు. ఆరుగంటల ప్రయాణానికి మూడు గంటల కొండ గిట్టుబాటు కాదు. టూరిజం శాఖ హరిత గదుల్లో ఒక రాత్రి ఉండేలా ముందే బుక్ చేసుకుంటే, తెల్లవారి లేచి చెట్ల కింద నడిస్తే, అప్పుడు తెలుస్తుంది ఆ కొండ విలువ. ఏప్రిల్, మే నెలల్లో గదులు దొరకడం కష్టం, నెలరోజుల ముందే చూసుకోండి.

దీని అసలు బలం కింద మదనపల్లెలో ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాసిపెట్టారు. మా అమ్మాయి స్కూల్లో రోజూ పాడే పాట ఇక్కడ స్వరం కట్టుకుందని తెలిసి, ఆ కాలేజీ గేటు ముందు నిలబడి పాడింది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది కూడా మదనపల్లెలోనే. చీరల మీద మనసున్నవాళ్ళు నీరుగట్టువారిపల్లె నేతవాళ్ళ పట్టు చూడకుండా రాకండి. అమ్మ అక్కడ ఆకుపచ్చ చీర ఒకటి కొనుక్కుంది, ఊరు వెళ్ళాక పెళ్ళిళ్ళన్నిటికీ అదే కట్టిందట.

ఈ దారిలోనే ఇంకొకటి ఉంది, దాని కోసం విడిగా వెళ్ళక్కర్లేదు గానీ దాటిపోకూడదు. చింతామణికి ముందు కైవారం క్రాస్ వస్తుంది. బెంగళూరుకు 70 కిలోమీటర్ల దూరంలో కొండ పాదంలో ఉన్న చిన్న ఊరు కైవారం. 18వ శతాబ్దంలో గాజులమ్ముకుంటూ ఊళ్ళు తిరిగి, తర్వాత యోగి అయిన నారాయణప్పది ఈ ఊరు. తెలుగులో, కన్నడంలో తత్త్వాలు పాడాడు, కాలజ్ఞానం చెప్పాడు. భారతంలోని ఏకచక్రపురం ఇదేనని, భీముడు బకాసురుణ్ణి చంపింది ఈ కొండ దగ్గరేనని ఊరివాళ్ళ నమ్మకం. బెంగళూరు పక్కన, కర్ణాటకలో, తెలుగు తత్త్వాలు భజనగా వినిపించే గుడి ముందు నిలబడితే ఒళ్ళు పులకరిస్తుంది. పక్కనే కైలాసగిరి, రాతిని తొలిచి చేసిన గుహల్లో శివాలయం. కోతులు ఉంటాయి, చేతిలో సంచీ పట్టుకుని వెళ్ళొద్దు.

ఎవరికి ఏది

మీతో డెబ్బై దాటినవాళ్ళు ఉంటే, మెట్లు ఎక్కలేకపోతే నంది ఊరు. ఇందులో నాకు రెండో మాట లేదు. పండగకు ఇంటికెళ్ళలేకపోయి దిగులుగా ఉన్న జంటలకు కూడా ఇదే చెబుతాను, ఉదయం వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు.

రెండు రోజులు చేతిలో ఉండి, పిల్లలు పరుగెత్తాలనుకుంటే, ఇంట్లో ఏసీ లేక ఉక్కపోత భరించలేకపోతే మల్లమ్మ కొండ. వెళ్ళేటప్పుడు కైవారం, వచ్చేటప్పుడు మదనపల్లె.

అత్తగారినో నాన్ననో కూర్చోబెట్టి ఒక పాత కథ వినిపించాలని ఉంటే, మీకు నడిచే ఓపిక ఉంటే, ఒక రోజు పూర్తిగా ఇవ్వగలిగితే మేలుకోట. శ్రావణంలో, కార్తికంలో వెళ్ళండి. ఎండ తగ్గి కోనేళ్ళు నిండి ఉంటాయి.

ఇంకొక చిన్న మాట. కారు అద్దెకు తీసుకునేటప్పుడు ఏ కొండకైనా చిక్కబళ్ళాపురం, చింతామణి వైపు డ్రైవర్ దొరుకుతాడేమో అడగండి. పెద్దవాళ్ళకు దారి పొడుగునా తెలుగులో మాట్లాడే మనిషి ఉంటాడు, ఆ ఊళ్ళ సంగతులూ చెబుతాడు. పోయినసారి వచ్చినప్పుడు అమ్మ టికెట్టు బుక్ చేయకముందే ఫోన్‌లో అడిగింది, "ఆ చింతామణి అబ్బాయి ఉన్నాడా, పూలమ్మే ఆవిడ దగ్గరికి తీసుకెళ్తాడా?"